హారర్ షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ ఎలా కట్టాలి: హిందీ సినిమాల నుంచి నేర్చుకుంటూ, అడుగు అడుగునా

హారర్ షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లలో చాలామంది కెమెరా, లైటింగ్, మేకప్ మీద ప్రాణం పెడతారు, ఎడిట్ కూడా లాక్ అయ్యాక చివరి రెండు రోజుల్లో సౌండ్ సంగతి చూద్దాంలే అనుకుంటారు, నెట్‌లో దొరికిన ఒక తలుపు కిర్రు, ఒక ఉరుము, ఒక ఆడమనిషి నవ్వు తెచ్చి టైమ్‌లైన్ మీద పడేస్తారు, ఇంత చేసినా భయం ఎందుకు రావట్లేదో అర్థం కాదు. నేను నమ్మేది ఒకటే, హారర్‌లో సౌండ్ చెయ్యాల్సిన మొదటి పని చూసేవాడు చెవులు రిక్కించేలా చెయ్యడం. ఒకసారి వాడు వినడం మొదలుపెట్టాడంటే చిన్న గ్లాసు చప్పుడుతో కూడా భయపెట్టొచ్చు. వినకపోతే ఎంత పెద్ద ఢాం వేసినా ఉలిక్కిపడి, నవ్వేసి, పాప్‌కార్న్ తింటాడు.

హిందీ హారర్‌నే పాఠంగా ఎందుకు తీసుకున్నానంటే, అందులో డెబ్భై ఏళ్లకి పైగా ప్రయోగాలు ఉన్నాయి, గొప్పవీ ఉన్నాయి, చెవులు చిల్లులు పడేవీ ఉన్నాయి, రెండిటి నుంచీ నేర్చుకోవచ్చు. గైడ్ అంతా ఒకే సీన్ మీద నడిపిస్తాను: అద్దె ఇల్లు, రెండు గదులు, రాత్రి ఒంటిగంట, అమ్మాయి ఒక్కతే ఉంది, కరెంటు పోతుంది, హాల్లో ఎవరో నడిచినట్టు వినిపిస్తుంది. అంతే, మూడు నిమిషాలు.

మొదటి అడుగు: కళ్లు మూసుకుని సినిమా చూడండి

మూడు సినిమాలు చాలు. 1999లో వచ్చిన కౌన్, 2003 నాటి భూత్, 2018 నాటి తుంబాడ్. మొదటిసారి మామూలుగా చూసెయ్యండి, రెండోసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ ఆపేసి వినండి, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఏ నిమిషంలో ఏ శబ్దం మొదలైంది, ముఖ్యంగా ఏ శబ్దం ఎప్పుడు ఆగింది అనేది రాసుకోండి. ఆగినవి రాసుకోవడం చాలామంది మర్చిపోతారు గానీ అసలు విద్య అక్కడే ఉంది.

కౌన్‌లో పాటలు లేవు, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, బయట వాన. ఆ వాన ఏం చేస్తోందో గమనించండి. వాన శబ్దంలో దాదాపు అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి కాబట్టి అది చిన్న చిన్న శబ్దాల్ని కప్పేస్తుంది, ఇంట్లో ఎవరైనా మెల్లగా నడిచినా వినపడదేమో అన్న అనుమానం ఆ అమ్మాయికీ మనకీ ఒకేసారి మొదలవుతుంది. పైగా ఆ గోలలోంచి కాలింగ్ బెల్ మోగితే అది మామూలు బెల్ లాగా వినపడదు, గుండె మీద నొక్కినట్టుంటుంది. కౌన్ తీసిన రామ్ గోపాల్ వర్మ అప్పుడు ఒక ఇంటితోనే పని కానిచ్చేశాడు.

తుంబాడ్‌లో కూడా వానే, కానీ వేరే వాన. అక్కడ అది బరువుగా, బురదగా, కుళ్లినట్టుగా ఉంటుంది, ఇంటి గోడల్లోకి ఇంకిపోయినట్టు వినిపిస్తుంది. దానికి సౌండ్ డిజైన్ చేసింది కునాల్ శర్మ, స్కోర్ (నేపథ్య సంగీతం) ఇచ్చింది వీడియో గేమ్‌ల సంగీతంతో పేరు తెచ్చుకున్న డెన్మార్క్ కంపోజర్ యెస్పర్ కిడ్. ఒకే వాన రెండు సినిమాల్లో రెండు పనులు ఎలా చేసిందో చెవితో పట్టుకోగలిగితే మిగతా గైడ్ సగం అర్థమైనట్టే.

రెండో అడుగు: స్క్రిప్ట్ మీదే శబ్దాలు రాసుకోవాలి

షూటింగ్‌కి ముందే స్క్రిప్ట్ ప్రింట్ తీసి పక్కన మార్జిన్‌లో ప్రతి శబ్దం రాయండి. ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడి నుంచి వస్తోంది, పాత్రకి వినిపిస్తోందా, అది ఏంటో చూసేవాడికి తెలుసా. ఈ మూడోది ముఖ్యం. శబ్దం వినిపిస్తుంది కానీ దేనిదో కనపడదు, ఈ ఖాళీలోనే హారర్ అంతా బతుకుతుంది.

హిందీ హారర్ పుట్టిందే ఈ ఖాళీలోంచి. 1949లో కమాల్ అమ్రోహీ తీసిన మహల్‌లో భయపెట్టేది అరుపు కాదు, ఎవరిదో తెలియని గొంతు. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతంలో లతా మంగేష్కర్ పాడిన ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డింగ్‌లో గొంతు దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు ఉండాలని ఆవిడ మైక్‌కి దూరంగా నిలబడి పాడటం మొదలుపెట్టి నడుచుకుంటూ మైక్ దగ్గరికి వచ్చారు. తర్వాత 1962లో బీస్ సాల్ బాద్, 1964లో వో కౌన్ థీ, ఇవన్నీ అదే దారిలో కనపడని ఆడగొంతుని ఎరగా వేసిన సినిమాలే.

ఆ నడక మీరూ వాడుకోవచ్చు, నా మాట వినండి, ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని మార్చే టూల్) కంటే అదే బాగుంటుంది. దూరం అంటే వాల్యూమ్ తగ్గించడం ఒక్కటే కాదు కదా, దూరం పెరిగే కొద్దీ గొంతులో ఉండే పదును పోతుంది, నేరుగా వచ్చే శబ్దం తగ్గి గోడలకి కొట్టుకుని వచ్చే శబ్దం పాలు పెరుగుతుంది. మైక్ హాల్లో ఫిక్స్ చేసి నటిని వంటింట్లోంచి మాట్లాడుతూ రమ్మనండి, తలుపు సగం మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. మీ సీన్‌లో హాల్లో అడుగులు కూడా ఇలాగే, మైక్ బెడ్‌రూమ్‌లో అమ్మాయి తల ఉన్న చోట పెట్టి, అవతల హాల్లో ఎవరినైనా నడిపించి రికార్డ్ చెయ్యండి. ఆ అమ్మాయి వినేది ఏదో అదే మనకీ వినిపిస్తుంది.

మూడో అడుగు: లొకేషన్‌లో ఏం రికార్డ్ చెయ్యాలి

రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగ్ పెట్టుకోండి, మాటల పీక్స్ (బాగా గట్టిగా వచ్చే చోట్లు) మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ ఉండేలా చూసుకోండి. అరుపులు ఉంటే 32 బిట్ ఫ్లోట్ ఉన్న రికార్డర్ అద్దెకి తెచ్చుకోవడం మేలు, గుసగుస నుంచి కేక దాకా ఒకే టేక్‌లో పోయినా పగలదు, అయితే మైక్ తట్టుకోగలిగినంత వరకే సుమా. ప్రతి గదిలోనూ అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదికి ఉండే శబ్దం, తీసుకోండి. ఫ్రిజ్ ఆపేస్తారు కదా, మీ బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లో పెట్టండి, వెళ్లేటప్పుడు ఆన్ చెయ్యడం మర్చిపోరు, ఇంటి ఓనర్‌తో గొడవ ఉండదు.

సీన్ అయ్యాక కెమెరా లేకుండా విడిగా ఆ ఇంటి శబ్దాలన్నీ పట్టుకోండి, తలుపు గడియ, స్విచ్‌లు, మంచం, నల్లా, కిటికీ రెక్క, ఫ్యాన్ అన్ని స్పీడుల్లోనూ. నటి ఊపిరి కూడా. ఊపిరి డబ్బింగ్ థియేటర్‌లో తీస్తే ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి ఊపిరి లాగే వస్తుంది, అదే టేక్ అయిన వెంటనే వణుకుతూ ఉన్నప్పుడు మైక్ దగ్గరగా పెట్టి రెండు నిమిషాలు తీస్తే దానికి సాటి ఉండదు.

2001లో లగాన్ సింక్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డ్ చేసి, తీసి చూపించేదాకా హిందీ కమర్షియల్ సినిమా చాలావరకు డబ్బింగ్ మీదే నడిచింది. డెబ్భైల్లో, ఎనభైల్లో రామ్‌సే బ్రదర్స్ తీసిన హారర్ సినిమాలు విన్నప్పుడు ఇది తెలిసిపోతుంది, డైలాగ్‌కీ డైలాగ్‌కీ మధ్య గది గాలి ఉండదు, ఆ ఖాళీని మ్యూజిక్‌తోనో ఉరుముతోనో నింపేవాళ్లు. కుటుంబంలోనే సౌండ్ చూసుకునే కిరణ్ రామ్‌సే ఉండేవాడు, తక్కువ డబ్బుతో చకచకా సినిమాలు చుట్టేసేవాళ్లు, ఆ పరిస్థితుల్లో 1984లో పురానా మందిర్ లాంటి హిట్ కొట్టారంటే నాకు గౌరవమే. కానీ ఇప్పుడు మన చేతిలో రికార్డర్ ఉంది, ఆ ఖాళీని అలా నింపాల్సిన అవసరం లేదు.

నాలుగో అడుగు: ముందు ఇల్లు కట్టండి, తర్వాత కూల్చండి

గైడ్ మొత్తంలో ఈ అడుగు మీద ఎక్కువ టైమ్ పెట్టండి, నేనైతే సగం పని ఇదే అంటాను. దెయ్యం రాకముందు ఆ ఇల్లు మామూలుగా ఎలా మోగుతుందో చూసేవాడి చెవికి అలవాటు చెయ్యాలి. లేయర్లు వేసుకోండి: అడుగున రూమ్ టోన్, దాని మీద ఫ్రిజ్ గుయ్ మనడం, సీలింగ్ ఫ్యాన్ టక్ టక్, కిటికీ అవతల కీచురాళ్లు, దూరంగా హైవే మీద లారీ, పక్కింటి టీవీ సీరియల్ గోడ అవతల నుంచి మాటలు అర్థం కాకుండా వినిపించేంత. విక్రమ్ కె కుమార్ 2009లో తీసిన 13బి గుర్తుందా, అందులో భయం మొత్తం ఇంట్లో రోజూ మోగే టీవీ సీరియల్ మీదే కట్టాడు, అంతకంటే ఇంటి శబ్దం ఇంకేముంటుంది.

ఇక్కడ లైబ్రరీ శబ్దాలతో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60, అక్కడి లైబ్రరీలోంచి తీసిన ఫ్రిజ్, ట్యూబ్‌లైట్ హమ్ మన ఇంట్లో పెడితే శ్రుతి వేరేగా ఉంటుంది, మీరే లొకేషన్‌లో రికార్డ్ చేసిన ఇంకో హమ్ పక్కన పెడితే రెండూ కొట్టుకుంటాయి. తోడేలు ఊళ కూడా అంతే, పాత హిందీ సినిమాల్లో ఎక్కడ పడితే అక్కడ తోడేళ్లే, మన ఊరి చివర వినపడేది నక్కల ఊళ, దాన్ని పెట్టండి, ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకోవడం ఎంత భయంగా ఉంటుందో విన్నవాళ్లకి తెలుసు. బల్లి టిక్ టిక్, పావురాల రెక్కల తపతప, నడిరాత్రి పైడికంటె (చిన్న గుడ్లగూబ) అరుపు, వీటికి విదేశీ లైబ్రరీలో బదులు దొరకదు.

ఇప్పుడు కూల్చడం. మీ సీన్‌లో కరెంటు పోతుంది, హారర్ తీసేవాడికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు, ఎందుకంటే కథలోనే కారణం ఉన్న నిశ్శబ్దం వస్తుంది. ఫ్రిజ్, పక్కింటి టీవీ ఒకేసారి టక్కున ఆగాలి. ఫ్యాన్ మాత్రం ఒక్కసారిగా ఆగదు కదా, అది మెల్లగా తిరుగుతూ టక్, టక్, టక్ అంటూ మధ్య ఖాళీ పెంచుకుంటూ పోతుంది, ఆ ఖాళీ పెరిగే కొద్దీ చూసేవాడు తెలియకుండానే తర్వాతి టక్ కోసం ఎదురుచూస్తాడు. అదిగో, వినడం మొదలుపెట్టాడు. ఫ్యాన్ పూర్తిగా ఆగాక కాసేపు కీచురాళ్లు మాత్రమే ఉంచండి. తర్వాత కీచురాళ్లు కూడా ఆగిపోవాలి, దగ్గరికి ఏదైనా కదిలి వస్తే అవి నిజంగానే అరవడం ఆపేస్తాయి, పల్లెల్లో పెరిగినవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్లే చెప్పేస్తుంది. అప్పుడు, ఆ తర్వాత మాత్రమే, హాల్లో మొదటి అడుగు.

నిశ్శబ్దం అన్నానని ట్రాక్ మొత్తం మ్యూట్ చేసెయ్యకండి. పూర్తి సున్నా పెడితే ఇయర్‌ఫోన్స్‌లో వినేవాడు ఫైల్ పాడైందనుకుంటాడు, థియేటర్‌లో అయితే ఏసీ, పక్కవాడి దగ్గు వినిపిస్తాయి. అడుగున రూమ్ టోన్ ఉండాలి, గది ఊపిరి పీలుస్తున్నట్టు.

ఐదో అడుగు: ఫోలీ

ఫోలీ అంటే బొమ్మ చూస్తూ దానికి తగ్గ శబ్దాలు చేసి రికార్డ్ చెయ్యడం. అడుగులు, బట్టల రాపిడి, చేతుల కదలిక మీరే చూస్తూ చెయ్యండి, నేల ఒకటే రకంగా ఉండాలి, సీన్‌లో మొజాయిక్ ఫ్లోర్ అయితే ఫోలీ కూడా దాని మీదే. పట్టీల సంగతి చెప్పాలి. హిందీ దెయ్యం అంటే ఘల్లు ఘల్లు, ఎన్ని సినిమాల్లో విన్నామో లెక్క లేదు, అయినా అది చచ్చిపోయిన శబ్దం అని నేను ఒప్పుకోను, సరిగ్గా వాడట్లేదు అంతే. రెండు కాళ్లకీ పెట్టకండి, ఒక్క కాలికే పెట్టండి. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు ఘల్లు, ఆ కుంటి లయ మనిషి నడకలా ఉండదు. గజ్జెల గుత్తి బదులు రెండు మూడు మువ్వలు మాత్రమే ఉన్న పట్టీ తీసుకోండి, అప్పుడు ఒక్కో మువ్వా విడిగా వినిపిస్తుంది.

ఎముక విరగడానికి క్యారెట్, ఉల్లికాడలు కలిపి తడిగుడ్డలో చుట్టి విరవండి. మాంసం, రక్తం లాంటి తడి శబ్దాలకి బాగా మగ్గిన బొప్పాయిలో చెయ్యి పెట్టి తిప్పండి, చపాతీ పిండి నీళ్లు ఎక్కువ పోసి కలపండి, ఇంట్లోవాళ్లు ఏమనుకున్నా పర్లేదు. కిర్రు శబ్దానికి తలుపు కంటే పాత చెక్క కుర్చీ బాగుంటుంది, బరువు మెల్లగా ఒక పక్కకి వాల్చుతూ పోండి. శబ్దాన్ని తర్వాత స్లో చేసి పిచ్ దించాలనుకుంటే 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చెయ్యండి, అప్పుడు సగానికి దించినా పైన పదును మిగిలి ఉంటుంది, 48లో తీసింది దించితే గుడ్డ కప్పినట్టు మందంగా అయిపోతుంది. మైక్ కూడా ఆ పైన ఫ్రీక్వెన్సీలు పట్టేది అయితేనే దీనివల్ల లాభం.

ఆరో అడుగు: దెయ్యం గొంతు

అమ్మాయికి పూనకం రాగానే మగగొంతు, దాని మీద బండెడు రివర్బ్ (గది ప్రతిధ్వని), ఇది వద్దు. వినగానే ప్లగిన్ కనపడుతుంది. నటి గొంతుతోనే మొదలుపెట్టండి. గాలి వదులుతూ కాకుండా లోపలికి పీలుస్తూ మాట్లాడమనండి, ప్రయత్నిస్తే ఎవరికైనా వస్తుంది, మాటలు అర్థమవుతాయి గానీ ఎక్కడో తేడా కొడుతుంది. అదే డైలాగ్ గుసగుసగా ఇంకో టేక్, మామూలుగా ఇంకో టేక్. మూడూ కలిపి, ఒకదాన్ని మాత్రం మూడు నాలుగు సెమీటోన్లు దించి బాగా తక్కువ లెవెల్లో కింద పెట్టండి. మాట మొదలవకముందే దాని నీడ వినిపించాలంటే డైలాగ్‌ని రివర్స్ చేసి, రివర్బ్ వేసి రెండర్ చేసి, మళ్లీ రివర్స్ చెయ్యండి, రివర్బ్ తోక ముందుకొచ్చి మాటని లాక్కొస్తుంది.

అరుపు గురించి ఒక ముక్క. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో మనిషి అరుపుని మామూలు మాట నుంచి వేరు చేసేది గరుకుతనం అని తేల్చారు, అంటే శబ్దం సెకనుకి 30 నుంచి 150 సార్ల దాకా వేగంగా పెరుగుతూ తగ్గుతూ ఉండటం. కాబట్టి అరుపు బలంగా లేదనిపిస్తే వాల్యూమ్ పెంచే ముందు ట్రెమొలో లాంటి ప్లగిన్‌ని 70 హెర్ట్జ్ దగ్గర కొంచెం కలిపి చూడండి. అతిగా వేస్తే రోబో అయిపోతుంది, జాగ్రత్త.

ఏడో అడుగు: కింది ఫ్రీక్వెన్సీలు, డ్రోన్లు, ఆర్ఆర్

20 హెర్ట్జ్ కంటే కింద ఏదో వేస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే భయపడతారని ఇంటర్నెట్ నిండా రాస్తుంటారు. మామూలు స్పీకర్లు దాన్ని పలకనే పలకవు, దాని వెనక పడి టైమ్ వేస్ట్ చేసుకోకండి. థియేటర్ కోసమైతే 35 నుంచి 60 హెర్ట్జ్ మధ్య పని చెయ్యండి. ఫోన్‌లో చూసేవాళ్లకి అది కూడా వినపడదు, ఫోన్ స్పీకర్ కింది భాగాన్ని దాదాపు మొత్తం వదిలేస్తుంది, అందుకే డ్రోన్ (ఆగకుండా సాగే ఒకే స్వరం) మీద కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) వేసి పైన హార్మోనిక్స్ (ఆ స్వరానికి పై ఫ్రీక్వెన్సీలు) పుట్టించండి, చెవి మిగతాది ఊహించుకుంటుంది.

డ్రోన్ కొనక్కర్లేదు. మీ సీన్‌లోని ఫ్రిజ్ హమ్‌నే తీసుకుని రెండు ఆక్టేవ్‌లు దించి సాగదీయండి, కరెంటు పోయాక కూడా ఆ ఇంట్లో ఏదో నడుస్తూనే ఉన్నట్టు ఉంటుంది, ఎందుకో చూసేవాడికి తెలియదు. తంబూరా తీగలు రెండిటిని కాస్త శ్రుతి తప్పించి మీటి చూడండి, ఒకటి 220 హెర్ట్జ్, ఇంకోటి 223 అయితే సెకనుకి మూడుసార్లు అల లేచి పడుతుంది, ఒళ్లు గగుర్పొడుస్తుంది. హార్మోనియం మెట్టు నొక్కకుండా బెల్లోస్ మాత్రమే ఊదితే అది అచ్చం ముసలి ఊపిరే.

ఆర్ఆర్, అంటే రీ-రికార్డింగ్, నేపథ్య సంగీతం, ఎంత కావాలి అంటే, మీరు అనుకున్న దానిలో సగం. 1992లో వర్మ హిందీలో రాత్, తెలుగులో రాత్రిగా తీసిన సినిమాకి ఆర్ఆర్ చేసింది మణిశర్మ, అప్పటికి ఆయన కొత్త, కెమెరా కారిడార్లలో పరిగెడుతుంటే మ్యూజిక్ ఎక్కడ పట్టుకుంటుందో ఎక్కడ వదిలేస్తుందో విని నేర్చుకోవాల్సిందే. మన ఎగ్జాంపుల్ సీన్‌లో అయితే కరెంటు పోయిన దగ్గర్నుంచి హాల్లో మూడో అడుగు చప్పుడు వినిపించేదాకా ఒక్క నోట్ కూడా వద్దు.

ఎనిమిదో అడుగు: ఉలిక్కిపాటు

పెద్ద శబ్దానికి ఉలిక్కిపడటం శరీరం చేసే పని, సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండానే కనురెప్ప కొట్టుకుంటుంది, దానికి కథతో సంబంధం లేదు. అందుకే అది తేలిక, అందుకే చీప్ కూడా. భూత్ విషయానికొస్తే, ద్వారక్ వారియర్ సౌండ్, సలీం సులేమాన్ స్కోర్, ఒక్క పాట లేకుండా అపార్ట్‌మెంట్‌లో ఆ లిఫ్ట్‌నీ మెట్లనీ భయపడే చోట్లుగా మార్చేశారు, తర్వాత వచ్చిన చాలా హిందీ సినిమాలు దాంట్లోంచి ఆ పెద్ద శబ్దాన్ని మాత్రమే తీసుకుని, దాని ముందు కట్టిన ఓపికని వదిలేశాయి. నాకు బాధ కలిగించే విషయం ఇది.

మూడు నిమిషాల సీన్‌కి ఒక్కటి చాలు. దాని ముందు నాలుగైదు సెకన్లు మొత్తం లెవెల్ దించండి, చెవి సర్దుకుంటుంది. స్టింగర్‌లో, అంటే ఉలిక్కిపడేలా చేసే ఆ శబ్దంలో, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పదును ఉండాలి, మన చెవి అక్కడే ఎక్కువ చురుకు, కింద ఒక దెబ్బ ఉండాలి. బొమ్మ కంటే ఒక ఫ్రేమ్ ముందు ఒకసారి, ఒక ఫ్రేమ్ తర్వాత ఒకసారి పెట్టి చూడండి, 24 ఫ్రేమ్‌ల దగ్గర ఒక ఫ్రేమ్ అంటే 42 మిల్లీసెకన్లు, ఆ కాస్త తేడాకే దెబ్బ మారిపోతుంది. ఇంకో పద్ధతి నాకు బాగా ఇష్టం, అందరూ ఎదురుచూసే చోట ఏమీ వేయకుండా వదిలేసి, అమ్మాయి ఊపిరి వదిలాక, చూసేవాడు కూడా వదిలాక, అప్పుడు బ్యాటరీ అయిపోయిన ఇన్వర్టర్ బీప్. అంతే, చిన్న బీప్.

చివరి అడుగు: మిక్స్, డెలివరీ

మాటలు మధ్యలో, ఆంబియన్స్ చుట్టూ, హాల్లో అడుగులు మొదట ఒక పక్క, తర్వాత వెనక. యూట్యూబ్ కోసమైతే అది మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే కొలత) దగ్గరికి ఎక్కువున్నదాన్ని దించేస్తుంది, కాబట్టి లిమిటర్ ప్లగిన్‌తో నొక్కి అంతా గట్టిగా చేస్తే లాభం లేకపోగా నిశ్శబ్దానికీ దెబ్బకీ మధ్య తేడా పోతుంది, ఆ తేడానే కదా మన ఆస్తి. నెట్‌ఫ్లిక్స్ లాంటి చోటికి అయితే డైలాగ్ సగటు లెవెల్ మైనస్ 27 దగ్గర ఉండాలి, ట్రూ పీక్ (అన్నిటికంటే గట్టి చోటు) మైనస్ 2 దాటకూడదు అని స్పెక్ ఉంటుంది, డెలివరీకి ముందు తాజా షీట్ చూసుకోండి. థియేటర్ మిక్స్ అయితే 85 డెసిబెల్స్‌కి సెట్ చేసిన గదిలోనే చెయ్యాలి, బెడ్‌రూమ్‌లో చేసింది హాల్‌కి తీసుకెళ్తే గుసగుసలు మాయమవడమో స్టింగర్ చెవులు పగలగొట్టడమో ఖాయం.

అయ్యాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, టీవీలో ఒకసారి, చవక రకం మామూలు ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి. కథ తెలియని ఒకరిని కూర్చోబెట్టి మీరు స్క్రీన్ చూడకుండా వాళ్లని చూడండి, ఫ్యాన్ ఆగేటప్పుడు కదలడం మానేశారా లేదా అన్నదే పరీక్ష, ఉలిక్కిపడ్డారా లేదా అన్నది కాదు. అక్కడ ఇంకా ఫోన్ తీసి చూస్తున్నారంటే నాలుగో అడుగుకి వెనక్కి వెళ్లండి, ఇంటి శబ్దాలు ఇంకో ఇరవై సెకన్లు ముందు నుంచి మొదలుపెట్టండి. 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) చేస్తే దాన్ని రెండు ఛానెల్స్‌కి దించిన స్టీరియో డౌన్‌మిక్స్ విడిగా వినడం మర్చిపోకండి, డౌన్‌మిక్స్‌లో సబ్ ఛానెల్‌ని చాలాసార్లు పూర్తిగా వదిలేస్తారు, మీ డ్రోన్ మొత్తం అందులోనే పెట్టుంటే ఇంట్లో చూసేవాళ్లకి అది ఉండదు, కాబట్టి దాంట్లో కొంత ముందు ఛానెల్స్‌లో కూడా పంచండి.